ఇంగ్లిష్ రాతలో పెద్ద అక్షరాలు, విరామ చిహ్నాలు: పిల్లలకు కారణంతో సహా ఎలా చెప్పాలి?

ప్రశ్న: సాయంత్రం బడి, గాజువాక

సభ్యులందరికీ నమస్కారం. గాజువాకలో మా వీధి పిల్లలకు సాయంత్రం పూట ఇంగ్లిష్ చెబుతున్నాను. వారంతా పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదువుకొని, ఇప్పుడు ఇంటర్మీడియట్‌లోను, పాలిటెక్నిక్‌లోను చేరినవారు. క్రియారూపాలు, కాలాలు చాలావరకు పట్టుబడ్డాయి. కాని ఒక పేరా రాయమంటే, వాక్యాలు సరిగానే ఉన్నా, పెద్ద అక్షరాలు, విరామ చిహ్నాలు మాత్రం ఎవరికి తోచినట్టు వారు పెడుతున్నారు. మొన్న రామకృష్ణా బీచ్ గురించి రాయమంటే, ఒక అమ్మాయి సముద్రం, చేప, ఇసుక అనే మాటలన్నింటినీ ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరంతో మొదలుపెట్టి, ఊరి పేరును మాత్రం చిన్న అక్షరంతో రాసింది. ఎందుకని అడిగితే, ఈ వ్యాసంలో ముఖ్యమైన మాటలు అవే కదా అంది. ఆ జవాబును కొట్టిపారేయడానికి నాకు మనసొప్పలేదు. ఆ అమ్మాయి ఒక పద్ధతి ప్రకారమే రాసింది, కాకపోతే అది ఇంగ్లిష్ పాటించే పద్ధతి కాదు.

కామా సంగతి ఇంకా చిక్కుగా ఉంది. ఊపిరి తీసుకునేచోట కామా, పూర్తిగా ఆగేచోట ఫుల్‌స్టాప్ అని పిల్లలు చిన్న తరగతుల నుంచీ వింటూ వచ్చారు. ఒకే వాక్యాన్ని ముగ్గురి చేత చదివిస్తే ముగ్గురూ మూడు చోట్ల ఆగుతున్నారు. అలాంటప్పుడు ఎవరి కామా సరైనదో నేను ఎలా తేల్చాలి?

పోర్టు, కలెక్టర్, యూనివర్సిటీ వంటి మాటలు ఒకే పత్రికలో ఒకచోట పెద్ద అక్షరంతోను, ఇంకొకచోట చిన్న అక్షరంతోను కనబడుతున్నాయి. ప్రభుత్వ ప్రకటనల్లో మరోలా ఉంటున్నాయి. నియమాల పట్టిక ఏ వ్యాకరణ పుస్తకంలోనైనా దొరుకుతుంది. నాకు కావలసింది, పుస్తకంలో లేని కొత్త వాక్యం ఎదురైనప్పుడు పిల్లవాడు తనంతట తానే తేల్చుకోవడానికి పనికివచ్చే కారణం. పెద్దలు దయచేసి వివరించగలరు.

సమాధానం: విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయిని, ఎంవీపీ కాలనీ

సాయంత్రం బడి వారికి నమస్కారం. మీ విద్యార్థిని ఇచ్చిన జవాబును తరగతి మొత్తానికి వినిపించండి, ఎందుకంటే పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. 17, 18 శతాబ్దాల ఇంగ్లిష్ పుస్తకాల్లో ముఖ్యమని తోచిన నామవాచకాలకు, కొన్నిచోట్ల దాదాపు నామవాచకాలన్నింటికీ, పెద్ద అక్షరమే పెట్టేవారు. 1787 నాటి అమెరికా రాజ్యాంగం చేతిరాత ప్రతిని చూస్తే వాక్యం నడుమ అలాంటి పెద్ద అక్షరాలు వరుసగా కనబడతాయి. జర్మన్ భాషలో నేటికీ ప్రతి నామవాచకమూ పెద్ద అక్షరంతోనే మొదలవుతుంది. ఇంగ్లిష్ ఆ అలవాటును క్రమంగా విడిచిపెట్టి, పెద్ద అక్షరానికి ప్రధానంగా రెండు పనులు మిగిల్చింది: కొత్త వాక్యం ఇక్కడ మొదలైందని చూపడం, ఈ మాట ఒక వ్యక్తికో, స్థలానికో, సంస్థకో పెట్టిన పేరని చూపడం. ఒక మాట వ్యాసంలో ఎంత ముఖ్యమైనదన్నది నేటి లెక్కలోకి రాదు.

మన పిల్లలకు ఇది కష్టంగా తోచడానికి కారణం వారి అశ్రద్ధ కాదు. మన లిపిలో పెద్ద, చిన్న అక్షరాల భేదమే లేదు. తాటాకు ప్రతుల్లో పదాల మధ్య ఖాళీ విడిచే అలవాటు కూడా ఉండేది కాదు. పద్యం ముగిసినచోట నిలువు గీతలు గీసేవారు. కామా, ఫుల్‌స్టాప్ వంటివి అచ్చుతోపాటు మనకు వచ్చాయి. అందువల్ల పేరుకూ మామూలు మాటకూ ఉన్న తేడాను మనం సందర్భాన్ని బట్టి పోల్చుకోవడానికి అలవాటుపడ్డాం. ‘జ్యోతి వెలిగించింది’ అన్న వాక్యాన్ని బోర్డు మీద రాసి చూడండి. జ్యోతి అనే అమ్మాయి దేనినో వెలిగించిందా, ఎవరో ఒకావిడ జ్యోతిని వెలిగించిందా అన్నది ఆ రెండు మాటలు తేల్చలేవు. ముందువెనుకల వాక్యాలు చెప్పాలి. ఇంగ్లిష్‌లో అదే మాటను వాక్యం నడుమ ‘జె’ పెద్దదిగా రాస్తే అమ్మాయి, చిన్నదిగా రాస్తే దీపం. పెద్ద అక్షరం ఎందుకని అడిగిన పిల్లలకు నేను ముందుగా ఈ వాక్యమే రాసి చూపేదాన్ని, ఆ తరువాతే నియమాల జోలికి వెళ్లేదాన్ని.

ఇక వారు తమకు తాము వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ మాట ఒక రకాన్ని చెబుతోందా, ఆ రకంలో ఒక్కదాని పేరా? యూనివర్సిటీ అనేది రకం, దేశంలో ఎన్నో ఉన్నాయి. ఆంధ్ర యూనివర్సిటీ అనేది ఒక్కదాని పేరు. కాబట్టి ‘ఆంధ్ర యూనివర్సిటీ 1926లో ఏర్పడింది’ అని ఇంగ్లిష్‌లో రాసినప్పుడు ‘ఏ’, ‘యూ’ రెండూ పెద్దవి. తరువాతి వాక్యంలో ‘ఆ యూనివర్సిటీకి తొలి వైస్‌చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి’ అని రాస్తే యూనివర్సిటీలోని ‘యూ’ చిన్నదవుతుంది, వైస్‌చాన్సలర్ అన్న పదవి కూడా చిన్న అక్షరాలతోనే ఉంటుంది, మనిషి పేరు మాత్రం పెద్ద అక్షరాలతో వస్తుంది. విశాఖపట్నం పోర్టు 1933లో ప్రారంభమైందని రాసేటప్పుడు ‘పీ’ పెద్దది. పోర్టుకు ఓడలు వచ్చాయని రాసేటప్పుడు చిన్నది. పత్రికలో మీకు కనబడిన తేడాలో చాలా భాగం ఇదే.

మన ఊరి చుట్టూ దొరికే మాటలతోనే మిగతాదంతా చెప్పవచ్చు. ‘బే ఆఫ్ బెంగాల్’లో మొదటి మాట, చివరి మాట పెద్ద అక్షరంతో, నడుమనున్న ‘ఆఫ్’ చిన్న అక్షరంతో ఉంటాయి. పేర్లలోను, పుస్తకాల శీర్షికల్లోను ఇలాంటి చిన్న కలుపుమాటలు మొదట్లో వస్తే తప్ప సాధారణంగా చిన్నవిగానే ఉంటాయి. సముద్రం ఊరికి తూర్పున ఉందని రాస్తే ‘ఈస్ట్’ కేవలం దిక్కు, కనుక చిన్నది. ‘ఈస్ట్ కోస్ట్ రైల్వే’ అంటే ఒక సంస్థ పేరు, మూడూ పెద్దవి. ‘నార్త్ ఆంధ్ర’ అని ప్రాంతానికి పేరుగా వాడితే ‘నార్త్’ కూడా పెద్దదే. వారాలు, నెలలు, పండుగలు పేర్లుగా లెక్క, ఋతువులు కావు. అందువల్ల సంక్రాంతికి, జనవరికి పెద్ద అక్షరం పెడతాం, చలికాలానికి పెట్టం.

మీ ఇంటర్ విద్యార్థులకు తప్పక చెప్పవలసింది ఒకటుంది. భాషల పేర్లు, జాతుల పేర్లు, వాటి నుంచి పుట్టిన విశేషణాలు వాక్యంలో ఎక్కడ వచ్చినా పెద్ద అక్షరమే: తెలుగు, ఇంగ్లిష్, హిందీ, ఇండియన్. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథమెటిక్స్ మాత్రం వాక్యం నడుమ మామూలు నామవాచకాలు. నాకు ఇంగ్లిష్, ఫిజిక్స్ ఇష్టమని ఒక పిల్లవాడు రాస్తే ‘ఈ’ పెద్దది, ‘పీ’ చిన్నది కావాలి. రెండూ సబ్జెక్టులే అయినా ఒకటి భాష పేరు కావడమే ఇందుకు కారణం. మార్కుల జాబితాలోనో, కోర్సు పూర్తి పేరులోనో ఫిజిక్స్‌కు పెద్ద అక్షరం కనబడితే అది జాబితా శైలి అని చెప్పండి.

మన మర్యాద వల్ల వచ్చే చిక్కు కూడా ఉంది. ఎదుటివారిని మీరు అనే అలవాటున్న పిల్లలు, గౌరవం చూపాలని ‘యూ’ అన్న సర్వనామాన్ని వాక్యం నడుమ పెద్ద అక్షరంతో రాస్తారు. వారి ఉద్దేశం మంచిదే. అయితే ఇంగ్లిష్ సర్వనామాల్లో ఎల్లప్పుడూ పెద్ద అక్షరం ఉండేది, నేను అనే అర్థమిచ్చే ‘ఐ’కి మాత్రమే. నన్ను, నా, మేము అనే అర్థాలిచ్చే ‘మీ’, ‘మై’, ‘వీ’ కూడా చిన్నవే. ‘సర్’ అన్న మాట ఉత్తరం మొదట్లో పిలుపుగా వస్తే పెద్దది. అమ్మ అన్న మాటను పేరులా వాడి, అమ్మను అడిగానని రాస్తే ‘మదర్’లో ‘ఎం’ పెద్దది. ముందు ‘మై’ చేరి మా అమ్మ అని చెబితే చిన్నది. మై, యువర్, హిజ్ వంటివి ముందున్నాయా లేవా అని చూసుకోమంటే పిల్లలు ఇక తడబడరు.

సమాధానం: ఎగుమతి పత్రాల విభాగం, పోర్టు ఏరియా

టీచర్ గారి వివరణ చాలా బాగుంది. కలెక్టర్ గురించి ప్రశ్నలో అడిగారు కనుక ఒక మాట కలుపుతాను. పేరుకు ముందు బిరుదులా వస్తే ఏ పద్ధతిలోనైనా పెద్ద అక్షరమే. పేరు లేకుండా, కలెక్టర్ వచ్చారని వార్తలో రాస్తే నేటి పత్రికలు ఎక్కువగా చిన్న అక్షరం పెడతాయి. కాని ప్రభుత్వ ఉత్తర్వుల్లోను, చట్టాల్లోను పదవి పేరు కూడా పెద్ద అక్షరంతోనే వస్తుంది. మన రాజ్యాంగం ఇంగ్లిష్ పాఠంలో ప్రెసిడెంట్, గవర్నర్, పార్లమెంట్ అనే మాటలన్నీ అలాగే ఉన్నాయి. అందువల్ల కార్యాలయానికి అర్జీ రాసే పిల్లవాడు ఆ కార్యాలయం పద్ధతినే పాటించి పెద్ద అక్షరం పెట్టడం మేలని, వ్యాసం రాసేటప్పుడు టీచర్ గారి సూత్రాన్ని పాటించమని నా సలహా. ఏ ఒక్క కాగితంలోనైనా రెండు పద్ధతులూ కలపకూడదు.

నేను ముఖ్యంగా చెప్పదలచింది కామా గురించి. రోజూ నా చేతి మీదుగా వెళ్లే ఉత్తరాల్లో పెద్ద అక్షరం తప్పితే చదివేవారు సర్దుకుంటారు. కామా తప్పితే సరుకు ఎవరి ఖాతాలో పడుతుందన్నదే మారిపోవచ్చు. ఊపిరి సూత్రాన్ని పిల్లల మనసులోంచి తీసివేయండి. బిగ్గరగా చదివేవారికి అది సాయం కావచ్చు, రాసేవారికి దారి చూపదు. ఇంగ్లిష్ కామా వాక్యం నిర్మాణాన్ని అనుసరిస్తుంది.

దీనికి మా పనిలో వచ్చే ఉదాహరణ ఒకటి చూపుతాను. ‘ద కంటైనర్స్ విచ్ వర్ డ్యామేజ్డ్ వర్ రిటర్న్డ్’ అని కామా లేకుండా రాస్తే, వచ్చిన కంటైనర్లలో దెబ్బతిన్నవాటిని మాత్రమే తిప్పిపంపామని అర్థం. మిగిలినవి యార్డులోనే ఉన్నాయన్న మాట. అదే వాక్యంలో కంటైనర్స్ తరువాత ఒక కామా, డ్యామేజ్డ్ తరువాత ఒక కామా పెడితే, కంటైనర్లన్నీ దెబ్బతిన్నాయని, అన్నింటినీ తిప్పిపంపామని అర్థం. మాటల్లో ఒక్క అక్షరం మారలేదు. తెలుగులో ఈ రెంటినీ మనం వేర్వేరు వాక్యాలుగానే చెబుతాం: ‘దెబ్బతిన్న కంటైనర్లను తిప్పిపంపాం’ అంటే మొదటి అర్థం, ‘కంటైనర్లన్నీ దెబ్బతిన్నాయి కాబట్టి తిప్పిపంపాం’ అంటే రెండోది. తెలుగులో పదాల కూర్పు చేసే పనిని ఇంగ్లిష్‌లో రెండు కామాలు చేస్తున్నాయి. ఆ రెంటిలో ఒకటి పెట్టి ఒకటి మరిచిపోతే వాక్యం ఏ అర్థానికీ చెందకుండా పోతుంది. కనుక నడుమ దూర్చిన మాటకు రెండు వైపులా కామా ఉందో లేదో చూడటం పిల్లలకు మొదటి అలవాటు కావాలి.

ఊపిరి సూత్రం వల్ల కామా రాకూడనిచోట రావడం మరొకటి. ‘అనకాపల్లి నుంచి వచ్చిన విద్యార్థులు ఎదురుచూస్తున్నారు’ అన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు కర్త భాగం పొడవుగా ఉండటం వల్ల పిల్లలు అక్కడ ఆగి, ఒక కామా పెట్టి, ఆ తరువాత క్రియ రాస్తారు. కర్త ఎంత పొడవైనా దానికీ క్రియకూ నడుమ ఒంటరి కామా పెట్టకూడదు.

తెలుగు నుంచి నేరుగా దిగుమతి అయ్యే అలవాటు ఇంకొకటి ఉంది. ‘ఓడ వచ్చింది, దిగుమతి మొదలుపెట్టాం’ అని మనం కామాతో రెండు వాక్యాలు కలిపితే తెలుగులో ఎవరూ ఆక్షేపించరు. ఇంగ్లిష్‌లో రెండు పూర్తి వాక్యాలను కామా ఒక్కటే కలపలేదు. నడుమ ఫుల్‌స్టాప్ పెట్టి కొత్త వాక్యం మొదలుపెట్టవచ్చు, కామా తరువాత ‘అండ్’ వంటి మాట చేర్చవచ్చు, రెంటికీ దగ్గరి సంబంధం ఉంటే సెమీకోలన్ పెట్టవచ్చు. లేదా మన పద్ధతిలోనే, ఓడ వచ్చాక అని మొదటి భాగాన్ని ఉపవాక్యంగా మార్చి, అది ముగిసినచోట కామా పెట్టవచ్చు. అలా ‘వెన్’, ‘ఆఫ్టర్’, ‘ఇఫ్’ వంటి మాటలతో వాక్యం మొదలైతే ఆ భాగం చివర కామా పెట్టడం మంచి పద్ధతి. అదే భాగం వాక్యం చివరికి వెళ్తే సాధారణంగా కామా అక్కరలేదు.

జాబితాలో చివరి అంశానికి ముందు, ‘అండ్’ లేదా ‘ఆర్’ దగ్గర, కామా పెట్టాలా వద్దా అన్నది శైలిని బట్టి ఉంటుంది. బ్రిటిష్ పత్రికలు ఎక్కువగా విడిచిపెడతాయి, అమెరికన్ పుస్తకాలు ఎక్కువగా పెడతాయి. అయితే అర్థం చెడేచోట పెట్టితీరాలి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ చెల్లించనక్కరలేని పనుల జాబితా ఒక చట్టంలో ఉండేది. అందులో సరఫరా కోసం ప్యాకింగ్ చేయడం, పంపిణీ అనే మాటల దగ్గర ‘ఆర్’కు ముందు కామా లేదు. దానివల్ల పంపిణీ అనేది విడి పనా, ప్యాకింగ్‌లో భాగమా అన్నది తేలలేదు. ఓక్‌హర్స్ట్ డెయిరీ వ్యాన్ డ్రైవర్లు, తాము ప్యాకింగ్ చేయం, పంపిణీ మాత్రమే చేస్తాం కాబట్టి తమకు ఓవర్‌టైమ్ రావాలని వాదించారు. 2017లో అప్పీలు కోర్టు ఆ వాక్యం సందిగ్ధంగా ఉందని చెప్పి డ్రైవర్ల వైపు మొగ్గింది. 2018లో ఆ వివాదం 50 లక్షల డాలర్లకు రాజీ అయింది. కామాకు ఎవరు విలువిస్తారని అడిగే పిల్లలకు ఈ కేసు చెప్పండి.

అంకెల్లో కూడా జాగ్రత్త కావాలి. మనం 25,00,000 అని రాస్తే ఇక్కడ ఎవరికైనా 25 లక్షలని తెలుస్తుంది. విదేశీ సంస్థకు పంపే పత్రంలో అదే మొత్తాన్ని 2,500,000 అని రాయాలి. తేదీని 04/05 అని రాస్తే మనకు మే 4, అమెరికావారికి ఏప్రిల్ 5. నెల పేరును అక్షరాల్లో రాస్తే ఆ గొడవ ఉండదు. కామాకు ముందు ఖాళీ ఉండకూడదు, తరువాత ఒకటి ఉండాలి.

సాయంత్రం బడి, గాజువాక

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. కంటైనర్ల వాక్యాన్ని నిన్న బోర్డు మీద రాసి చూపించాను. పాలిటెక్నిక్ చదివే కుర్రవాడు, అయితే ఇన్నాళ్లూ మేము పెట్టిన కామాలకు అర్థం ఉందా సార్ అని అడిగి, తన పాత వ్యాసాన్ని తానే దిద్దుకోవడం మొదలుపెట్టాడు. ఇక మిగిలినవి అపాస్ట్రఫీ, కొటేషన్ మార్కులు. బహువచనం రాయవలసినచోటల్లా ‘ఎస్’కు ముందు అపాస్ట్రఫీ తగిలిస్తున్నారు; మన వీధుల్లోని దుకాణాల బోర్డులు కూడా వారికి అదే నేర్పుతున్నాయి. కొటేషన్ ముగిసేచోట ఫుల్‌స్టాప్ లోపలా బయటా అన్నదానికి నా దగ్గరున్న రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెబుతున్నాయి. పేర్లకు ముందు వచ్చే ఇంటిపేరు పొడి అక్షరాలకు చుక్క పెట్టాలా వద్దా అన్నది కూడా తేలడం లేదు.

సమాధానం: ప్రూఫ్‌రీడర్, అక్కయ్యపాలెం

అపాస్ట్రఫీకి పనులు రెండే, బహువచనం వాటిలో లేదు. ఒకటి, అక్షరం లోపించిందని చూపడం: ‘డూ నాట్’ను ‘డోంట్’ అని కుదించినప్పుడు పోయిన ‘ఓ’ స్థానంలో అది నిలుస్తుంది. రెండోది, షష్ఠీ విభక్తి అర్థం, అంటే యొక్క అన్న సంబంధం చూపడం. ఫోటోలు, ఇడ్లీలు, ఎమ్మెల్యేలు అని చెప్పడానికి ఇంగ్లిష్‌లో ఉత్త ‘ఎస్’ చాలు. 1990ల దశాబ్దం అనడానికి కూడా అంకెల పక్కన ఉత్త ‘ఎస్’ చేర్చడమే నేటి పద్ధతి.

సంబంధం చూపేటప్పుడు పిల్లలను ముందు యజమాని మాటను పూర్తిగా రాయమనండి, తరువాత అపాస్ట్రఫీ పెట్టమనండి. మీ పిల్లలకు రోజూ కనబడే డాల్ఫిన్స్ నోస్ కొండ పేరు దీనికి చక్కని ఉదాహరణ. డాల్ఫిన్ ఒకటే, కాబట్టి ‘ఎన్’ తరువాత అపాస్ట్రఫీ, ఆ తరువాత ‘ఎస్’. ఉపాధ్యాయ దినోత్సవంలో టీచర్లు చాలామంది, కాబట్టి ‘టీచర్స్’ అని బహువచనం పూర్తిచేసి, ‘ఎస్’ తరువాత అపాస్ట్రఫీ. బాలల దినోత్సవంలో ‘చిల్డ్రన్’ అన్న మాట ‘ఎస్’ లేకుండానే బహువచనం కాబట్టి, ‘ఎన్’ తరువాత అపాస్ట్రఫీ పెట్టి ‘ఎస్’ చేర్చాలి. సెలవు చీటీ కూడా ఇదే లెక్క: ఒక రోజు సెలవులో ‘డే’ తరువాత, రెండు రోజుల సెలవులో ‘డేస్’ తరువాత. సెలవు చీటీ ప్రతి విద్యార్థీ రాస్తాడు కాబట్టి, అభ్యాసం దానితోనే చేయించండి. శ్రీనివాస్ వంటి పేర్ల చివర ‘ఎస్’ ఉన్నా, అపాస్ట్రఫీ పెట్టి మరో ‘ఎస్’ చేర్చడం మంచిది. ఉత్త అపాస్ట్రఫీతో ఆపేవారూ ఉన్నారు, అది తప్పు కాదు.

‘ఇట్స్’ అన్న మాట దగ్గర చదువుకున్నవారు కూడా పొరబడతారు. దాని యొక్క అన్న అర్థంలో అపాస్ట్రఫీ ఉండదు. అది, ఉంది అన్న రెండు మాటలు కలిసిపోయినప్పుడే ఉంటుంది. సర్వనామాలు సంబంధం చూపడానికి అపాస్ట్రఫీని ఎన్నడూ ఆశ్రయించవు: హర్స్, అవర్స్, యువర్స్, దేర్స్ ఏవీ దానిని తీసుకోవు. ఉత్తరం చివర రాసే ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’లో అపాస్ట్రఫీ లేకపోవడానికి కారణం అదే, అందులో ‘వై’ మాత్రమే పెద్దది.

కొటేషన్ల విషయంలో మీ రెండు పుస్తకాలూ సరైనవే. ఒకటి బ్రిటిష్ పద్ధతిది, ఒకటి అమెరికన్ పద్ధతిది అయి ఉంటుంది. అమెరికాలో ఫుల్‌స్టాప్, కామా ఎల్లప్పుడూ కొటేషన్ లోపలే ఉంటాయి. బ్రిటిష్ పద్ధతిలో ఆ చిహ్నం కోట్ చేసిన మాటలకు చెందితే లోపల, మొత్తం వాక్యానికి చెందితే బయట ఉంటుంది. అయితే మీ విద్యార్థులు పరీక్షల్లో ఎక్కువగా రాసేది ప్రత్యక్ష కథనం. ‘అతడు, నేను రేపు వస్తాను అన్నాడు’ వంటి పూర్తి వాక్యం కొటేషన్‌లో చివర వస్తే ఫుల్‌స్టాప్ లోపల ఉండాలన్నదానిలో ఇరు పక్షాలకూ భేదం లేదు. కొటేషన్‌లోని మొదటి మాట పెద్ద అక్షరంతో మొదలవుతుంది, దానికి ముందు కామా ఉంటుంది. నడుమ అన్నాడు అని విడదీసి, అదే వాక్యాన్ని కొనసాగిస్తే, రెండో ముక్క చిన్న అక్షరంతో మొదలవుతుంది. తెలుగులో ‘వస్తానని అన్నాడు’ అంటే చాలు, ఎవరి మాట ఎక్కడ ముగిసిందో ఆ ‘అని’ చెబుతుంది. ఇంగ్లిష్‌లో ఆ హద్దును గీసేవి ఈ చిహ్నాలే.

ప్రశ్నార్థకం విషయంలో మాత్రం మన భాష పిల్లలకు నేరుగా తోడ్పడుతుంది. ‘ఫలితాలు ఎప్పుడు వస్తాయో తెలియజేయగలరు’ అని తెలుగులో రాసినప్పుడు మనం చివర ప్రశ్నార్థకం పెట్టం, ఎందుకంటే ప్రశ్న ఆ ‘వస్తాయో’లో ఒదిగిపోయింది. ఇంగ్లిష్‌లోనూ ‘ఐ వుడ్ లైక్ టు నో వెన్’ అని మొదలయ్యే వాక్యానికి ఫుల్‌స్టాపే. నా దగ్గరికి దిద్దడానికి వచ్చే అర్జీలలో సగానికి పైగా ఇక్కడ ప్రశ్నార్థకంతోనే వస్తున్నాయి, అందుకే పనిగట్టుకొని చెబుతున్నాను. ఆశ్చర్యార్థకం అర్జీల్లో అక్కరలేదు. వాక్యం చివర ఐదారు చుక్కలు పెట్టే అలవాటును మాన్పించండి.

సమాధానం: విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయిని, ఎంవీపీ కాలనీ

పొడి అక్షరాల ప్రశ్న మిగిలిపోయింది కాబట్టి అది చెబుతాను. మన పేర్లలో ఇంటిపేరు ముందు రావడం, దానిని ఒక్క అక్షరంతో సూచించడం వాడుక. ఆ అక్షరం ఎల్లప్పుడూ పెద్దదే. చుక్క పెట్టడం, పెట్టకపోవడం రెండూ చెల్లుతాయి. పెడితే ప్రతి అక్షరానికీ పెట్టాలి, చుక్క తరువాత ఖాళీ విడిచి పేరు రాయాలి. ‘మిస్టర్’ సంక్షిప్త రూపానికి చుక్క అక్కరలేదని బ్రిటిష్ పద్ధతి, కావాలని అమెరికన్ పద్ధతి. ఇందులో కూడా ఒకదానినే పట్టుకోవాలి.

పేరు విషయంలో వ్యాకరణం కంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో అచ్చవుతుంది కాబట్టి, వ్యాసంలోను, ఉత్తరంలోను కూడా అలాగే రాయాలని కొందరు పిల్లలు అనుకుంటారు. దరఖాస్తు ఫారంలో పెద్ద అక్షరాల్లో నింపమని అడిగితే అలా నింపాలి. మామూలు రాతలో మొదటి అక్షరం ఒక్కటే పెద్దది. అయితే స్పెల్లింగ్, మాటల మధ్య ఖాళీలు, పొడి అక్షరాల వరుస మాత్రం సర్టిఫికెట్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉంచాలి. వెంకట అన్న మాటను, రావు అన్న మాటను ఒకచోట కలిపి, ఇంకొకచోట విడదీసి రాస్తే, రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ రెండూ ఒక్కరి పేరేనని రుజువు చేసుకోవలసి వస్తుంది. ప్రతి విద్యార్థి చేతా సర్టిఫికెట్ ముందు పెట్టుకొని, తన పేరును రెండు విధాలా, మొత్తం పెద్ద అక్షరాల్లో ఒకసారి, మామూలు రాతలో ఒకసారి, నోటు పుస్తకం మొదటి పేజీలో రాయించి మీరు దిద్దండి.